ఇంజన్ రబ్బరు పోతే క్లచ్ మార్చమన్నారు

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

మీ పేపర్లో రోడ్ల మీద గుంతల గురించి ఉత్తరాలు చాలానే వస్తుంటాయి, ఆ గుంతల్లో పడీ పడీ బండి లోపల ఏం పోతుందో మాత్రం ఎవరూ రాయట్లేదు, అందుకే నేను రాస్తున్నా, పొడుగైతే మీరే కత్తెర వేసుకోండి. నాది తెనాలి, ఉద్యోగం విజయవాడలో, రోజూ కార్లోనే వెళ్లొస్తా. 2013 మోడల్ డీజిల్ బండి, లక్షా 40 వేల కిలోమీటర్లు తిరిగింది, ఇంతవరకు నన్ను దార్లో ఎక్కడా దింపలేదు.

పోయిన ఎండాకాలం మొదలైంది గోల. సిగ్నల్ దగ్గర ఆగి ఏసీ వేసుంటే చాలు బండంతా గజగజా వణికేది, స్టీరింగ్ పట్టుకుంటే చేతులు జిల్లుమనేవి, వెనక సీట్లో మా అమ్మ ఏంట్రా ఇది పిండిమరలో కూర్చున్నట్టుంది అనేది. కాస్త రేస్ ఇస్తే తగ్గేది, మళ్లీ ఆగితే మళ్లీ అదే. తాళం తిప్పి ఆపేస్తే ఇంజన్ ఊరికే ఆగదు, ఒకసారి ధబ్బుమని ఊగి అప్పుడు ఆగేది. రివర్స్ వేసి క్లచ్ వదిలితే కింద ఎక్కడో టక్ మని శబ్దం. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లా (పేరెందుకులెండి). అక్కడ కుర్రాడు ఒక రౌండ్ కొట్టొచ్చి క్లచ్ సెట్టు పోయింది సార్, విప్పాక ఫ్లైవీల్ (క్లచ్ ఆనుకుని తిరిగే ఇనప చక్రం) కూడా చూడాలి అని 23 వేలకి ఎస్టిమేట్ చేతిలో పెట్టాడు. బానెట్ ఎత్తిన పాపాన పోలేదు!

23 వేలంటే ఊరికే వస్తాయా, ఇంకొకరికి కూడా చూపిద్దామని విజయవాడ ఆటోనగర్ పోయా. అక్కడ ఒక పెద్దాయన రెండు నిమిషాలు ఇంజన్ దగ్గర చెవి పెట్టి, క్లచ్ బాగానే ఉంది మాస్టారూ, ఫౌండేషన్ పోయింది అన్నాడు. ఇంటికి ఫౌండేషన్ విన్నా గానీ కారుకేంటో అర్థం కాలా. మన మెకానిక్‌లు ఇంజన్ మౌంటింగ్‌ని అలా అంటారట. ఇంజన్ని నేరుగా బాడీకి బిగించరు, మధ్యలో ఇనుముకి అతికించిన రబ్బరు దిమ్మలు ఉంటాయి, నా బండికి మూడు, కుడివైపు ఒకటి, గేర్ బాక్స్ వైపు ఒకటి, కింద వెనకాల ఒకటి. మొదటి రెండూ బరువు మోస్తాయి, కిందది ఇంజన్ ముందుకీ వెనక్కీ ఊగకుండా పట్టుకుంటుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్ 800 ఆర్‌పీఎం దగ్గర, అంటే నిమిషానికి 800 చుట్లు, ఊరికే తిరుగుతున్నా లోపల డీజిల్ సెకనుకి 26, 27 సార్లు పేలుతుంది, ఆ దెబ్బలన్నీ మన సీటు దాకా రాకుండా మింగేది ఈ రబ్బరే. అది గట్టిపడి పగిలిందంటే ఇనుము ఇనుముకి తగులుతుంది, ఇంక పిండిమరే.

పరీక్ష కూడా చేసి చూపించాడు, ఇది ఎవరైనా చూసుకోవచ్చు కాబట్టి రాస్తున్నా. హ్యాండ్ బ్రేక్ లాగి, కాలి బ్రేక్ గట్టిగా తొక్కి, నన్ను మొదటి గేర్లో క్లచ్ కొద్దిగా, బండి కదిలీ కదలనంత వదలమన్నాడు, తర్వాత రివర్స్‌లో అలాగే. తను మాత్రం బండి ముందు నిలబడలేదు, పక్కనుంచి చూశాడు, ఎదురుగా మాత్రం ఎవర్నీ నిలబెట్టకండి బాబూ. మొదటి గేర్లో ఒకవైపు వాలిన ఇంజన్, రివర్స్‌లో రెండోవైపు నాలుగు వేళ్ల మందం పైకి లేచింది. అంత లేవకూడదట. కుడివైపు మౌంటింగ్ లోపల ద్రవం ఉండే రకం, అది కారి కింద నల్లగా జిడ్డు కట్టి ఉంది, దానికి తోడు ఇంజన్ పైన ఉండే మూత, అదే ట్యాపెట్ కవర్, ప్యాకింగ్ నుంచి ఆయిల్ చుక్కలు చుక్కలుగా అదే రబ్బరు మీద పడుతోంది. ఇంజన్ ఆయిల్ తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుందట, అందుకే ముందు ఆ లీకు ఆపి తర్వాత కొత్తది వేస్తా, లేకపోతే ఏడాదికి మళ్లీ నా దగ్గరికే వస్తావ్ అన్నాడు. తన బేరం తనే చెడగొట్టుకునేవాడు ఇంకా ఉన్నాడు చూడండి.

అయితే వణికిన ప్రతి బండికీ మౌంటింగ్ పోయినట్టు కాదు. మూడు సిలిండర్ల కార్లు కొత్తవైనా ఆగినప్పుడు కాస్త వణుకుతాయి, వాటి తీరే అంత. పెట్రోల్ బండికి స్పార్క్ ప్లగ్గో కాయిలో పోయినా ఇలాగే ఉంటుంది, అందుకని ముందు అవి చూసుకోవాలి. స్పీడ్ 80 దాటాక వస్తే మాత్రం మౌంటింగ్ కన్నా ముందు వీల్ బ్యాలెన్సింగ్ చూపించుకోండి.

పని పెద్దదేం కాదు గానీ ఒడుపు కావాలి. ఇంజన్ చాంబర్ (అడుగున ఆయిల్ ఉండే తొట్టి) కింద అడ్డంగా చెక్క పెట్టి జాకీతో బరువు ఆపాడు, నేరుగా జాకీ పెడితే చాంబర్ సొట్టపోతుంది. పాతది తీసి కొత్తది పెట్టి, బోల్టులు ముందు చేత్తో ఎక్కించి, జాకీ దించి ఇంజన్ తన బరువుతో తను సర్దుకున్నాకే పూర్తిగా బిగించాడు. ముందే బిగిస్తే రబ్బరు మెలిపడి ఉండిపోయి తొందరగా చీలుతుందట. సామానుకి మొత్తం కలిపి 4,600, లేబర్ 900, రెండు గంటల్లో అయిపోయింది.

ఇక్కడితో ఆగుంటే బాగుండేది. మా మేనల్లుడు, వాడికి కార్ల పిచ్చి, మామయ్యా ఈ రబ్బరు పాతకాలం మామయ్యా, పాలీయురిథేన్ (రబ్బరు కన్నా గట్టి ప్లాస్టిక్ లాంటి సరుకు) వేయించు జీవితంలో పోదు అని నెలరోజులు బుర్ర తిన్నాడు. సరే అని కింద వెనకాల ఉండే ఆ మూడోది ఒక్కటి వేయించా. గేర్ మార్చినప్పుడు పికప్ మాత్రం టక్కున అందుకుంది, ఒప్పుకోవాలి, ఇంజన్ ఊగడం లేదు కదా మరి. కానీ ఆ గట్టి సరుకు కుదుపుని మింగదు, నేరుగా బాడీకి పంపిస్తుంది, దాంతో బండి ఆగి ఇంజన్ తిరుగుతున్నప్పుడు డ్యాష్‌బోర్డు బరబరమని మోగేది, అద్దంలో వెనక బండి నంబరు ప్లేటు చదవలేకపోయేవాణ్ణి. రేసులకి పోయేవాళ్లకి అది బాగుంటుందేమో, మా అమ్మని గుడికి తీసుకెళ్లే బండికి వద్దు. పది రోజుల్లో తీయించి మామూలు రబ్బరుదే, కంపెనీది, వేయించా. దాన్ని అప్‌గ్రేడ్ అని ఎందుకంటారో మరి.

ఇదంతా నా సొంత గోల అనుకోకండి, అసలు రాయాలనుకున్నది ఇది. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ (వ్యాపారాల్లో పోటీ సరిగ్గా ఉందో లేదో చూసే కేంద్ర సంస్థ) 14 కార్ల కంపెనీలకి 2,544 కోట్లు జరిమానా వేస్తూ, విడిభాగాలు, పరీక్ష చేసే పరికరాలు బయట మెకానిక్‌లకి కూడా దొరకాలని చెప్పింది, కంపెనీలు అప్పీళ్లకి వెళ్లాయి. 2022 డిసెంబర్లో కేంద్రం రైట్ టు రిపేర్, అంటే రిపేరు హక్కు, పోర్టల్ తెచ్చింది, అందులో వాహనాలూ ఉన్నాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి బండి విడిభాగాలన్నిటికీ జీఎస్టీ 18 శాతమే, అంతకుముందు చాలావాటికి 28 ఉండేది. ఇన్ని వచ్చినా కౌంటర్ దగ్గర మనకి దొరికేది ఒక కంప్యూటర్ కాగితం, దాంట్లో ఫలానాది మార్చాం అని ఉంటుంది, మార్చారో లేదో ఆ పైవాడికే తెలియాలి. తీసేసిన పాత సామాను కస్టమర్ చేతికి ఇచ్చి సంతకం తీసుకున్నాకే బిల్లు కట్టించుకోవాలని రవాణా శాఖ వాళ్లు ఒక్క ఆర్డర్ వేస్తే ఏం పోతుంది? షోరూమ్ అయినా చెట్టు కింద షెడ్డు అయినా ఒకటే రూలు. అప్పటిదాకా మనమే నోరు తెరిచి అడగాలి, ఇవ్వనంటే 1915కి ఫోన్ చేయొచ్చు, అది వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో కూడా మాట్లాడతారు.

ఆటోనగర్ పెద్దాయన నేను అడక్కుండానే పాతవి పేపర్లో చుట్టి డిక్కీలో పెట్టాడు. పగిలి నాలుక బయటపెట్టినట్టున్న ఆ కుడివైపు దిమ్మని ఇప్పుడు మా పెరటి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాం.

ఇట్లు,
మీ పాఠకుడు,
తెనాలి