పేర్లు పెట్టడానికేనా ప్రజలు?

సంపాదకుల వారికి,

చీతాల మీద ఆదివారం అనుబంధంలో మీరు వేసిన కథనం వచ్చి వారం దాటింది. ఎవరో ఒకరు జవాబు రాస్తారని ఇన్నాళ్లూ లేఖల పేజీ చూస్తూ వచ్చాను. ఒకాయన పిల్ల చీతాలు ముద్దుగా ఉన్నాయన్నారు. ఇంకొకాయన దేశానికి గర్వకారణమన్నారు. ఇక నేనే రాయక తప్పలేదు.

అమెరికావాళ్లు ఎల్లోస్టోన్ జాతీయ పార్కుకు తోడేళ్లను తిరిగి తెచ్చుకున్నట్టే మనం మధ్యప్రదేశ్‌లోని కూనో జాతీయ పార్కుకు ఆఫ్రికా చీతాలను తెచ్చుకున్నామని మీ విలేకరి రాశారు. పోలిక బాగుంది, కాకపోతే సగమే చెప్పారు. అక్కడ తోడేళ్ల కంటే ముందు కాగితాలు వచ్చాయి. పర్యావరణ ప్రభావ నివేదిక ముసాయిదాను జనం ముందు పెట్టి, సభలు జరిపి, 1,60,000కు పైగా అభిప్రాయాలు తీసుకున్నారు. ఆ తర్వాతే, 1995 జనవరిలో, కెనడా నుంచి మొదటి 14 తోడేళ్లు ఎల్లోస్టోన్‌లో దిగాయి. కొలరాడో రాష్ట్రంలోనైతే ఏకంగా ఓటు పెట్టారు. 2020 నవంబరులో తోడేళ్లు కావాలా వద్దా అని బ్యాలెట్ మీద అడిగితే, 51 శాతం కూడా నిండని ఓట్లతో ఆ ప్రతిపాదన గట్టెక్కింది. మొదటి తోడేళ్లను వదిలింది 2023 డిసెంబరులో.

అసలు చెప్పుకోవలసింది మెక్సికన్ తోడేళ్ల సంగతి. 1998లో ఆరిజోనా, న్యూ మెక్సికో సరిహద్దు కొండల్లో 11 తోడేళ్లను వదిలారు. మూడేళ్ల తర్వాత ఒకసారి, అయిదేళ్ల తర్వాత ఒకసారి పూర్తి సమీక్ష జరపాలని, పథకాన్ని కొనసాగించాలో, మార్చాలో, ఆపేయాలో అందులో తేల్చాలని నిబంధనలోనే రాసుకున్నారు. ఆపేయడం కూడా ఒక జవాబేనని ముందే ఒప్పుకున్నారన్న మాట! అక్కడ అందరూ సంతోషంగా ఉన్నారని నేననడం లేదు. పశువులు పోయినవాళ్లు ఇప్పటికీ మండిపడుతూనే ఉన్నారు, తోడేళ్ల అభిమానులు కోర్టులకెక్కుతూనే ఉన్నారు. కానీ ఎవరితో పోట్లాడాలో, ఏ కాగితం మీద పోట్లాడాలో వాళ్లకు తెలుసు.

ఇక మన సంగతి. ప్రజలను అసలు అడగలేదంటే అన్యాయమవుతుంది. అడిగారు. 2022 సెప్టెంబరులో చీతాలు రాగానే వాటికి పేర్లు సూచించమన్నారు. పదకొండు వేలకు పైగా జనం ఉత్సాహంగా పంపారు. ఒక మగ చీతాకు ప్రభాస్ అని పేరు వచ్చింది, మన యువకులు మురిసిపోయారు. పేరు పెట్టడానికి పనికొచ్చిన ప్రజలు ఆ చీతా ఎలా ఉందని అడగడానికి మాత్రం పనికిరాలేదు. 2024లో ఒక కార్యకర్త కూనో వివరాల కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేస్తే మధ్యప్రదేశ్ అటవీ శాఖ ఇవ్వనంది. చూపించిన సెక్షన్ 8(1)(ఎ). దేశ సార్వభౌమత్వానికి, భద్రతకు, విదేశీ సంబంధాలకు భంగం కలిగించే సమాచారం ఆపడానికి పెట్టుకున్న సెక్షన్ అది. చీతా గాయం సంగతి బయటికొస్తే సరిహద్దులకు వచ్చిన ముప్పేమిటో ఆ సంతకం చేసిన అధికారే చెప్పాలి.

2023 మార్చి నుంచి ఆగస్టు దాకా ఆరు పెద్ద చీతాలు, మూడు పిల్లలు చనిపోయాయి. మీ కథనంలో ఇది 'తొలినాళ్ల ఒడిదుడుకులు' అన్న రెండు మాటల్లో తేలిపోయింది. మెడ దగ్గర పుండ్లు పడి పురుగులు పట్టాయని, దానికి జాడ తెలియడానికి మెడకు కట్టిన రేడియో కాలర్లు కారణం కావచ్చని నిపుణులు అంటుంటే, అది శాస్త్రీయ ఆధారం లేని ఊహాగానమని ఆ జూలైలో కేంద్ర పర్యావరణ శాఖ ప్రకటన ఇచ్చింది. మరి కొద్ది రోజులకే చీతాలను పట్టుకొని కాలర్లు విప్పి పరీక్షలు ఎందుకు చేసినట్టు? ఆగస్టు నడుమకు బతికున్నవన్నీ మళ్లీ కంచెల లోపలికి చేరాయి.

ఆ తర్వాత నెలకు పథకానికి ఏడాది నిండింది. కార్యాచరణ ప్రణాళికలో రాసుకున్న ఆరు కొలమానాల్లో నాలుగు సాధించేశామని ప్రభుత్వం ప్రకటించుకుంది. ఆ నాలుగింటిలో ఒకటి, చీతాలు తమ సంచార ప్రాంతాలను ఏర్పరచుకోవడం. ప్రకటన వచ్చిన రోజుకు అవి కంచె లోపల సంచరిస్తున్నాయి! ఇంకొకటి, స్థానికులకు ఆదాయం. చీతాల జాడ చూసేవాళ్లుగా కొందరికి పని దొరికిందట, చుట్టుపక్కల భూముల విలువ కూడా పెరిగిందట. అడవి జంతువు క్షేమాన్ని ఎకరం ధరలో కొలవవచ్చని నాకు ఇన్నేళ్లొచ్చినా తెలియలేదు. ప్రశ్నపత్రం తయారుచేసినవాడే పరీక్ష రాసి, తానే దిద్దుకొని, తానే మొదటి తరగతి వేసుకుంటే ఆ బడిని ఎవరైనా నమ్ముతారా?

భూముల విలువ అంటే గుర్తొచ్చింది. కూనోలో 24 ఊళ్లు ఖాళీ చేయించారు, ఎక్కువమంది సహరియా ఆదివాసులు. చీతాల కోసం కాదు, గుజరాత్ సింహాల కోసం. అది 1998కీ 2003కీ మధ్య జరిగింది. ఆరు నెలల్లో సింహాలను తరలించమని 2013లో సుప్రీంకోర్టు చెప్పినా ఒక్క సింహమూ కూనోకు రాలేదు. ఊళ్లు పోయాయి, సింహాలు రాలేదు, ఆఫ్రికా నుంచి చీతాలు వచ్చాయి. ఈ లెక్కంతా ఒకసారి చూసి చెప్పమని ఆ కుటుంబాలను ఏ సమీక్షకైనా పిలిచారా? పిలిచి ఉంటే మీ విలేకరి రాసేవారే కదా.

పార్కు అంచున ఉన్న ఊళ్ల సంగతి ఇంకో తీరు. 2025 మార్చిలో తల్లి చీతా పిల్లలతో సహా దూడ మీద పడితే జనం రాళ్లు విసిరారు. ఆ పక్క నెలలోనే అటవీ శాఖ డ్రైవరు ఒకరు దాహంతో ఉన్న చీతాలకు గిన్నెలో నీళ్లు పోశాడు, అతని మీద చర్య తీసుకున్నారు. అడవి జంతువును మచ్చిక చేయకూడదన్నది నిజమే, కాదనను. అయితే చీతా పొలంలోకి వస్తే ఏం చేయాలో, పోయిన దూడకు ఎవరిని అడగాలో ఆ ఊళ్లవాళ్లతో కూర్చొని మాట్లాడి ఒప్పందానికి రావలసిన బాధ్యత ఎవరిది? డ్రైవరుదా?

ఇదంతా మధ్యప్రదేశ్ గొడవ, మనకెందుకని మీ పాఠకులు అనుకోవచ్చు. మన దగ్గర జీవో 49 ఏమైందో అప్పుడే మరిచిపోయామా? 2025 మే నెలాఖరులో తెలంగాణ ప్రభుత్వం కుమ్రం భీం పేరుతో పులుల కారిడార్‌ను, అంటే పులులు రాకపోకలు సాగించే అడవి దారిని, కన్జర్వేషన్ రిజర్వుగా (రక్షిత ప్రాంతంగా) ప్రకటించింది. ఆదివాసులు రోడ్డెక్కారు, బంద్ చేశారు. జూలైలో జీవోను పక్కన పెట్టారు. ముందు జీవో, తర్వాత బంద్, ఆ తర్వాత ఆలోచన. పులులు వద్దని నేననను, ఆ పల్లెలవాళ్లూ అందరూ అనలేదు. ముందే గ్రామసభలకు వెళ్లి ఉంటే ఈ తతంగమంతా ఎందుకు? గనులకూ ఫ్యాక్టరీలకూ పేరుకైనా 'ప్రజాభిప్రాయ సేకరణ' అని ఒకటుంది. షామియానా కింద ముందు వరుసల్లో పార్టీవాళ్లు, చుట్టూ పోలీసులు, బల్ల మీద ఎవరూ చదవలేని ఇంగ్లీషు నివేదిక. వన్యప్రాణుల పథకాలకు ఆ మాత్రం నాటకం కూడా కనిపించదు.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. చీతాల పథకంపై ప్రభుత్వంతో సంబంధం లేని నిపుణులతో సమీక్ష జరగాలి. ముసాయిదా హిందీలో అచ్చయి షియోపుర్ జిల్లా పంచాయతీలకు చేరాలి, అభ్యంతరాలకు గడువివ్వాలి. వచ్చిన అభ్యంతరానికల్లా ఏం జవాబిచ్చారో చివరి నివేదికలో ఉండాలి. జంతువుల మరణ పరీక్షల నివేదికలు బయట పెట్టాలి. మధ్యప్రదేశ్‌లోనే ఉన్న గాంధీసాగర్ అభయారణ్యానికి 2025 ఏప్రిల్‌లోనే చీతాలను తీసుకెళ్లారు; ఇకమీదట ఇంకెక్కడికైనా తీసుకెళ్లేముందు కూడా ఇదే పద్ధతి పాటించాలి. మీ పత్రిక కూడా అటవీ శాఖ పంపిన ప్రకటనను దించేయకుండా, కూనో అంచు ఊరికి ఒక మనిషిని పంపితే బాగుంటుంది.

ఇట్లు,
మీ పత్రిక పాత చందాదారు, విశ్రాంత ఉపాధ్యాయుడు

తా.క.: ఆ కథనం పైన నాలుగు కాలమ్‌లలో మీరు వేసిన బొమ్మ చీతాది కాదు, చిరుతపులిది. చీతాకు కంటి మూల నుంచి నోటి దాకా నల్లటి చార ఉంటుంది, ఒంటి మీద నిండు చుక్కలుంటాయి. మీ బొమ్మలో చారా లేదు, చుక్కలన్నీ గులాబీల్లా విచ్చుకున్నాయి. సవరణ వేస్తారని వారం చూశాను.