ఏ రెండు బురుజులు?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో టోల్కీన్ రాసిన ‘ది టూ టవర్స్’ (‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ నవల రెండో సంపుటం) గురించి వేసిన పరిచయం చదివాను. ఫాంటసీ నవలలకి అంత చోటు ఇచ్చినందుకు సంతోషం. కానీ అందులో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. పేరులో ఉన్న రెండు బురుజులూ ఓర్థాంక్, బరాద్-దూర్ అని, ఇంత తేలిక విషయం మీద అభిమానులు ఇంకా ఎందుకు వాదించుకుంటారో తెలియదని రాశారు. ఆ వాదనలో చాలా ఏళ్ళుగా ఉన్నవాణ్ణి కాబట్టి ఎందుకో చెప్పాలనిపించింది.

మీరు ఇచ్చిన జవాబు 2002లో వచ్చిన సినిమాది. అందులో దుష్ట మాంత్రికుడు సారుమాన్ తనుండే ఓర్థాంక్, కథలో అసలు శత్రువు సౌరాన్ ఉండే బరాద్-దూర్, ఈ రెండు బురుజులూ ఏకమయ్యాయన్నట్టు నేరుగానే మాట్లాడతాడు. సినిమా చూశాక పుస్తకం పట్టుకున్నవాళ్ళ మనసులో అదే ఉండిపోతుంది, అందులో తప్పేం లేదు. పుస్తకంలో మాత్రం ఆ డైలాగు లేదు. ఉన్నవల్లా బురుజులు, అవీ రెండు కాదు. ఓర్థాంక్, బరాద్-దూర్, మినాస్ తిరిత్ (ఇది సౌరాన్‌ని ఎదిరించేవాళ్ళది), మినాస్ మోర్గుల్, కిరిత్ ఉంగోల్, పెద్దవి అనుకున్నవే అయిదు లెక్క తేలతాయి. అయిదింట్లోంచి రెండేసి తీస్తే పది జతలు! వాటిలో కనీసం నాలుగు జతల తరఫున గట్టిగా వాదించేవాళ్ళని నేను చూశాను.

తెలుగులో ఆలోచిస్తే అసలు చిక్కు ఎక్కడుందో ఇంకా బాగా తెలుస్తుంది. ‘రెండు బురుజులు’ అంటే మనకి ఏవో రెండు, గొడవే లేదు. కానీ ఇంగ్లీషు పేరులో ముందు ‘ది’ ఉంది. అంటే ‘ఆ రెండు బురుజులు’, మీకు తెలుసుగా అన్నట్టు. తెలిసినవే అన్నట్టు చెప్పి అవేవో చెప్పకపోవడం, దాంతోనే వచ్చింది ఇదంతా.

రచయిత చెప్పలేదా అంటే, చెప్పాడు. ఒకటి కంటే ఎక్కువసార్లు చెప్పాడు, అక్కడే వచ్చింది సమస్య. ఆయన మొత్తం కథని ఒకే నవలగా, లోపల ఆరు భాగాలుగా రాసుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక కాగితం ఖరీదు, అమ్ముడుపోతుందో లేదోనన్న భయం, వీటివల్ల ప్రచురణకర్తలు మూడు సంపుటాలు చేశారు. మూడు, నాలుగు భాగాలు రెండో సంపుటంలో పడ్డాయి. మూడో భాగంలో ఉన్నవాళ్ళెవరూ నాలుగో భాగంలో కనపడరు, ఒకటి పడమర జరుగుతుంది, ఇంకోటి సౌరాన్ రాజ్యమైన మోర్డోర్ సరిహద్దులో. ఈ రెంటినీ కలిపి ఒక పేరు పెట్టాలి. 1953 ఆగస్టులో ప్రచురణకర్త రేనర్ అన్విన్‌కి రాసిన ఉత్తరంలో టోల్కీన్ ఈ పేరు సూచిస్తూ, ఇది ఏ రెండు బురుజులనేది తేల్చకుండా వదిలేయొచ్చని మూడు జతలు తనే చెప్పాడు. ఐసెన్‌గార్డ్-బరాద్-దూర్ కావచ్చు, మినాస్ తిరిత్-బరాద్-దూర్ కావచ్చు, ఐసెన్‌గార్డ్-కిరిత్ ఉంగోల్ కూడా కావచ్చు. ఓర్థాంక్ ఉన్నది ఐసెన్‌గార్డ్‌లోనే కాబట్టి మీరు రాసిన జత ఆ మూడింట్లో మొదటిదే, అంచేత మీది పూర్తిగా తప్పని నేను అనను. 1954 జనవరికల్లా ఆయనకి ఆ పేరే నచ్చడం మానేసింది. ఈ సంపుటానికి నిజంగా సరిపడాలంటే ఓర్థాంక్, కిరిత్ ఉంగోల్ అయ్యుండాలని, కానీ చదివేవాళ్ళు మినాస్ తిరిత్‌కీ బరాద్-దూర్‌కీ ఉన్న వైరం అనుకుని పొరబడతారని రాశాడు. సరే, అదే ఏడాది జులైలో మొదటి సంపుటం వచ్చింది. దాని చివర రెండో సంపుటం గురించి చిన్న మాట అచ్చయింది. అందులో ఓర్థాంక్, మినాస్ మోర్గుల్ అని ఉంది! రెండో సంపుటానికి ఆయన స్వయంగా గీసుకున్న అట్టబొమ్మలో కూడా ఆ రెండే, ఒకటి నల్లగా, ఒకటి తెల్లగా, మధ్యలో రెక్కల జంతువు మీద ఎగిరే సౌరాన్ సేవకుడు నజ్‌గుల్.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. మేం కొంతమంది కలిసి పుస్తకాలు చదువుకుంటాం. ఒకసారి ఈ పేరు మీద మాట వచ్చినప్పుడు, అప్పుడే మొదటిసారి చదివిన ఒక అమ్మాయి ఓర్థాంక్, కిరిత్ ఉంగోల్ అంది. ఎందుకంటే సంపుటం ఆఖరి దృశ్యం ఆ బురుజు తలుపు దగ్గరే కదా అంది. కథానాయకుడు ఫ్రోడోని శత్రువులు లోపలికి ఎత్తుకుపోతారు, తలుపు మూసుకుపోతుంది, అతని తోడు సామ్ పరుగెత్తి వెళ్ళి దానికేసి గుద్దుకుని బయట చీకట్లో స్పృహ తప్పి పడిపోతాడు. పుస్తకం మూసేసరికి మన కళ్ళముందు ఉండేది ఆ తలుపే, మినాస్ మోర్గుల్ కాదు. అందరూ ఒక్కసారిగా ఆ అమ్మాయి మీద పడ్డారు. మొదటి సంపుటం ఆఖరి పుట తెరిచి ‘రచయితే చెప్పాడు, ఇదుగో’ అని చూపించింది నేనే. ఆ తర్వాత ఆ సాయంత్రమంతా తను ఇంకేం మాట్లాడలేదు. తన దగ్గరున్నది మూడు సంపుటాలూ ఒకటిగా కుట్టిన పుస్తకమని, అందులో ఆ మాటే లేదని నాకు తర్వాత తెలిసింది. అంటే ఎవరి సాయమూ లేకుండా కథ ఒక్కటే చదువుకుని, టోల్కీన్ 1954 జనవరిలో ఎక్కడికి వచ్చాడో ఆ అమ్మాయి సరిగ్గా అక్కడికే వచ్చింది. ఆ ఉత్తరాలు 1981లోనే పుస్తకంగా వచ్చాయి. నేను చదివింది మాత్రం ఈ గొడవ జరిగిన చాలా నెలలకి, చదివిన రోజు చాలా బాధేసింది. ఫోన్ చేసి చెప్పాను. ‘నేను చెప్పింది తప్పు కాదన్నమాట’ అని మాత్రం అంది.

నా మనసులో జత ఇప్పటికీ ఓర్థాంక్, మినాస్ మోర్గుల్లే. అచ్చులో ఉందని కాదు. మూడో భాగం ఆఖరి అధ్యాయం మళ్ళీ చదవండి. ఓర్థాంక్ కిటికీలోంచి విసిరేసిన పలాంటీర్ అనే, దూరాన ఉన్నవి చూపించే రాయి గురించి మంచి మాంత్రికుడు గాండాల్ఫ్ గుర్రం మీద పోతూ తన వెంట ఉన్న పిప్పిన్‌కి చెప్తాడు. సారుమాన్ ఈ రాయిలో చూస్తే అవతల సౌరాన్ చేతిలో ఇంకో రాయి ఉంది, అది బహుశా మినాస్ ఇథిల్‌లో దొరికిందై ఉంటుందంటాడు. ఆ మినాస్ ఇథిలే, చంద్రుడి పేరు పెట్టుకున్న ఆ బురుజే, శత్రువు చేతిలో పడి మినాస్ మోర్గుల్ అయింది. పుట తిప్పితే నాలుగో భాగం, అందులో ఫ్రోడో, సామ్ నడిచి నడిచి చివరికి ఆ బురుజు ముందుకే వస్తారు, దాని పైఅంతస్తు మెల్లగా తిరుగుతూ ఉంటుంది. రెండు భాగాలకీ లంకె లేదని రచయితే అన్నాడు గానీ, నాకు ఆ రాయి లంకెలాగే కనపడుతుంది. ఆయన మాటని కాదని కథ వైపు నిలబడుతున్నాను, అలా నిలబడే హక్కు ఆ రోజు ఆ అమ్మాయికీ ఉంది.

అన్నట్టు ఓర్థాంక్ అనే పేరుకే రెండు అర్థాలున్నాయని పుస్తకంలోనే ఉంది. ఎల్ఫుల భాషలో కోరపన్ను లాంటి కొండ, రోహన్ అనే రాజ్యపు పాత భాషలో జిత్తులమారి బుర్ర. పేర్లలో ఇంత ఇష్టంగా రెండేసి అర్థాలు దాచుకునే మనిషి పుస్తకం పేరు మీద జనం వాదించుకుంటే అది తేలిక విషయం ఎలా అవుతుందండీ?

మిమ్మల్ని కోరేది ఒకటే. వచ్చే ఆదివారం ఆ పరిచయానికి సవరణగా, ఆ రెండు బురుజులు ఏవో రచయిత ఒక్కో చోట ఒక్కోలా చెప్పాడని, వాటిలో ఓర్థాంక్-కిరిత్ ఉంగోల్ జత కూడా ఉందని రెండు వాక్యాలు వేయండి. కత్తిరించి ఆ అమ్మాయికి పంపిస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు