మూతి నల్లన, ఒళ్లు ఎర్రన

ఒరేయ్ సూరీ,

మొన్న ఫోన్లో మీ తాతగారి కుమ్మరి సారె ఇంకా ఉందా అని అడిగితే "ఇప్పుడెందుకురా అది?" అన్నావు. ఫోన్లో చెప్తే తేలే సంగతి కాదు, అందుకే రాస్తున్నా.

నెల రోజులుగా నా మనసంతా ఈజిప్టు కుండల మీదే ఉంది. పిరమిడ్ల కాలం నాటివి కావు, అంతకు వెయ్యేళ్లకు పైనే ముందటివి. ఎగువ ఈజిప్టులో నైలు ఒడ్డున బదారి దగ్గర దొరికినవి క్రీ.పూ. 4400-4000 నాటివి. అప్పటికి సారె లేదురా! మొత్తం చేత్తో ఎత్తినవే. అయినా గోడలు ఎంత పల్చగా ఉంటాయో! కొన్నిటి మీద దువ్వినట్టు సన్నటి అలలు, వాటి మీద గులకరాయితో రుద్దిన మెరుపు.

ఒళ్లంతా ఎరుపు, మూతి దగ్గర మాత్రం నిగనిగలాడే నలుపు. నేను రంగనుకున్నా. కాదు, అది మంట పని. నైలు ఒండ్రులో ఇనుముంది. గాలి తగులుతూ కాలితే ఎర్రబడుతుంది, గాలి అందక పొగలో మగ్గితే నల్లబడుతుంది. కుండని బోర్లించి మూతిని బూడిదలోనో ఊకలోనో దించి ఉంటారని పండితులంటారు. మన నాగార్జునకొండ రాక్షస గుళ్లలోనూ, అంటే పాతకాలపు రాతి సమాధుల్లోనూ, ఎరుపూ నలుపూ కలిసిన కుండలే దొరికాయి. చుట్టరికం ఏమీ లేదులే, మట్టీ పొగా చేసే పని అక్కడా ఇక్కడా ఒకటే.

ఇంకోటి విను. 1890ల్లో ఫ్లిండర్స్ పెట్రీ అనే ఇంగ్లీషు పురావస్తు పండితుడు ఎగువ ఈజిప్టులోనే నఖాదా, హూ అనే చోట్ల సమాధులు తవ్వాడు. తేదీ చెప్పే రాత ఒక్కటీ లేదు. ఆయన కుండల చెవులు చూశాడు. మొదట్లో పట్టుకుని ఎత్తడానికి పనికొచ్చే అలల చెవులు రానురాను చిన్నవై, చివరికి ఉత్త గీతగా మిగిలాయి. ఆ మార్పునే పట్టుకుని సమాధుల్ని వరసలో పెట్టి, 30 నుంచి 80 దాకా అంకెలిచ్చాడు. ముందటి అంకెలు ఖాళీగా ఉంచాడు, ఇంకా పాతవి దొరుకుతాయని. 1920ల్లో ఆ బదారి కుండలు నిజంగానే బయటపడ్డాయి! అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సారె సంగతంటావా, అది పాత రాజ్యం కాలంలో, అంటే పెద్ద పిరమిడ్లు కట్టిన రోజుల్లో వచ్చింది, చేత్తో తిప్పేది. సక్కారాలో తీ అనే ఆ కాలపు అధికారి సమాధి గోడ మీద కుమ్మరుల బొమ్మలున్నాయి.

ఇప్పుడు నీ పని. మీ తాతగారు నల్లకుండలు కాల్చేటప్పుడు ఆవాన్ని దేనితో కప్పేవారు, ఎంతసేపు మూసి ఉంచేవారు? అమ్మమ్మనడిగి రాయి. వచ్చే నెల నేనే వస్తా, సారె మాత్రం ఎవరికీ ఇచ్చెయ్యకు.

నీ
రాము