కప్పు గెలిచిన జట్టు ఢిల్లీకి పోయింది

సంపాదకులకు,

మన ఫుట్‌బాల్ క్లబ్ హైదరాబాద్ ఎఫ్‌సీ 2025 అక్టోబరులో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. పత్రికల్లో నాలుగు లైన్లు వస్తే గొప్ప. అదే ఐపీఎల్ జట్టయితే ఊరు ఊరంతా గోల పెట్టేది.

పుణె జట్టు మూతపడితే దాని స్థానంలో 2019లో వచ్చిన క్లబ్ ఇది. గచ్చిబౌలిలో ఆడిన తొలి సీజన్‌లోనే అట్టడుగున నిలిచింది. తర్వాత స్పెయిన్ కోచ్ మనోలో మార్క్వెజ్ కుర్రాళ్లను నమ్ముకుని జట్టును నిలబెట్టాడు. 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్లో ఇక అయిపోయిందనుకుంటుండగా 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్ కొట్టి స్కోరు సమం చేశాడు. షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు కిక్కులు ఆపాడు. దేశంలో అగ్రశ్రేణి ఫుట్‌బాల్ లీగ్ అయిన ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు మనదైంది.

అయితే కరోనా వల్ల ఆ సీజనూ, దాని ముందుదీ గోవాలోనే జరిగాయి. జట్టు ఎదిగిన కాలమంతా ఊరికి టీవీలోనే కనిపించింది. సొంత మైదానంలో మనం చూసిన మంచి సీజన్ 2022-23 ఒక్కటే. లీగ్‌లో రెండో స్థానం. మరుసటి ఏడాదే జీతాలు ఆగాయి, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం పడింది, పేరున్నవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. మిగిలిన కుర్రాళ్లు 22 మ్యాచ్‌లు ఆడి ఒక్కటి గెలిచారు. అంత టెన్షన్‌లో ఆ ఒక్కటి గెలవడమే ఎక్కువ. యాజమాన్యం మారాక కూడా 13 జట్లలో 12వ స్థానమే.

యజమానులను తిట్టి ఊరుకుంటే లాభం లేదు. 1950 నుంచి వరుసగా ఐదేళ్లు ముంబైలో జరిగే పేరున్న టోర్నమెంటు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు సంగతి చూడండి. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ తయారుచేసిన ఆ ఆటగాళ్లకు పోలీసు ఉద్యోగం ఉండేది. ఒక టోర్నమెంటు ఓడినంత మాత్రాన నెల జీతం ఆగేది కాదు. ఇప్పటి క్లబ్‌కు లీగ్‌లో చోటే ఆస్తి, దాన్ని ఏ ఊరికైనా పట్టుకుపోవచ్చు. స్టాండ్లలో గొంతు చించుకున్న డెక్కన్ లీజియన్ అభిమానులను అడిగిందెవరు?

మన నగరంలోనే ఆడిన మరో క్లబ్ శ్రీనిధి డెక్కన్ 2022-23లోనూ, ఆ తర్వాతి ఏడాదీ ఐఎస్‌ఎల్ కింది స్థాయి పోటీ ఐ-లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. అంటే ఇక్కడ ఆట చచ్చిపోలేదు. కాబట్టి క్రీడా శాఖకు నా విన్నపం ఒకటే. గచ్చిబౌలి స్టేడియం ప్రజల సొమ్ముతో కట్టింది. రేపు ఏ ప్రొఫెషనల్ క్లబ్‌కు దాన్ని ఇచ్చినా రెండు షరతులు రాతపూర్వకంగా పెట్టాలి. అండర్-13, అండర్-15 జట్లను నగరంలోనే, ఇక్కడి పిల్లలతో నడపాలి. ఆటగాళ్లకు, సిబ్బందికి జీతాల బాకీ లేదని సీజన్‌కు ముందే కాగితం చూపించాలి. ఒప్పుకోని వాళ్లకు మైదానం ఇవ్వకండి. ఆ సాయంత్రాలు స్థానిక లీగ్ మ్యాచ్‌లకు కేటాయించండి.

— ఒక ఫుట్‌బాల్ అభిమాని, మల్లేపల్లి, హైదరాబాద్