రూతు కూలికి వెళ్లలేదు, పరిగెకు వెళ్లింది

సంపాదకులు గారికి,

నమస్కారం. మాది బొబ్బిలి దగ్గర పల్లె. మీ ఆదివారం సినిమా పేజీని మా అమ్మ కోసం విడిగా తీసి పెడతాను. అమ్మకి చదువు రాదు గానీ బొమ్మలు చూపించి కథ చెబితే ఇష్టంగా వింటుంది. బైబిల్ కథల్ని ఈ కాలానికి మార్చి తీస్తున్న సినిమాల గురించి మీ పేజీలో చదివాక, అలాంటి ఒక సినిమా మేము ఇంట్లో చూసిన రాత్రి గురించి మీకు రాయాలనిపించింది.

2025 సెప్టెంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన రూత్ అండ్ బోవజ్ అనే ఇంగ్లీషు సినిమా అది. నిర్మాతల్లో అమెరికా దర్శకుడు టైలర్ పెర్రీ ఒకరు. అట్లాంటాలో పాటలు పాడే అమ్మాయి అక్కడి సంగీత ప్రపంచాన్ని వదిలేసి, భర్త పోయిన ఒక పెద్దావిడను చూసుకోవడానికి టెనసీ పల్లెకు వెళుతుంది, అక్కడ ద్రాక్షతోట ఉన్న మంచి మనిషిని ప్రేమిస్తుంది. ఆ పెద్దావిడే నయోమి. మా అమ్మాయి ఫోను గోడకు ఆనించి పెట్టి ఒక్కో మాటకూ అర్థం చెబుతుంటే అమ్మా నేనూ మంచం మీద కూర్చుని చూశాం. నాకు నచ్చింది. ఆ పెద్దావిడ మొహంలో దుఃఖం చూస్తే మా నాయనమ్మ గుర్తొచ్చింది. అయిపోయాక అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత ఒకటే అడిగింది, "అంతా బాగుంది గానీ, పరిగె ఏదమ్మీ?" అని.

కోతలయ్యాక పొలంలో రాలి మిగిలిన వెన్నులు పేదవాళ్లు ఏరుకోవడమే పరిగె. ఆ ప్రశ్న నన్ను వదల్లేదు, అందుకే ఈ ఉత్తరం.

బైబిల్‌లో రూతు గ్రంథం చాలా చిన్నది, నాలుగే అధ్యాయాలు. కరువొచ్చి బేత్లెహేము నుంచి ఒక కుటుంబం మోయాబుకు వలస పోతుంది. అక్కడ ఇంటాయన పోతాడు, పెళ్లయిన ఇద్దరు కొడుకులూ పోతారు, పదేళ్లలో ఆ ఇంట్లో ముగ్గురు విధవలు మిగులుతారు. అత్త నయోమి తిరిగి సొంతూరికి బయలుదేరితే ఒక కోడలు ఓర్పా ఏడ్చి వెనక్కి వెళుతుంది, ఇంకో కోడలు రూతు మాత్రం నువ్వెక్కడుంటే నేనూ అక్కడే అని అత్త వెంట నడుస్తుంది. వాళ్లు బేత్లెహేము చేరేసరికి యవల (బార్లీ) కోత మొదలైంది. తర్వాత ఆమెను పెళ్లి చేసుకునే పొలం ఆసామి బోయజు ఎవరో అప్పటికి రూతుకు తెలియదు. ఇంట్లో తిండి లేదు కాబట్టి, పరిగె ఏరుకుని వస్తానని అత్తను అడిగి పొలానికి వెళ్లింది. ప్రేమ తర్వాత వచ్చింది, ముందు వచ్చింది ఆకలే.

సినిమాలో ఆ అమ్మాయి తోటలో పనికి చేరుతుంది. పనికి చేరడం వేరు, పరిగె వేరు. పనికి వెళితే బుగత (పొలం ఆసామి) దగ్గర కూలి తీసుకుంటాం, ఇచ్చేది అతను. పరిగె అలా కాదు, అది మోషే ధర్మశాస్త్రం ఇచ్చిన హక్కు. పొలం అంచులు పూర్తిగా కొయ్యొద్దు, రాలిన వెన్నులు ఏరొద్దు, అవి పేదవాళ్లకీ పరదేశులకీ వదిలెయ్యమని లేవీయకాండం 19వ అధ్యాయంలో ఉంది. ద్వితీయోపదేశకాండం 24లో మరచిపోయిన పన (కోసిన పైరు కట్ట) కోసం కూడా వెనక్కి వెళ్లొద్దని ఉంది, ఒలీవ చెట్టు గురించీ ద్రాక్షతోట గురించీ కూడా ఉంది, పళ్లు ఒకసారి కోసుకున్నాక మిగిలినవి పరదేశికీ, తండ్రిలేని పిల్లలకీ, విధవరాలికీ. అంటే ఆ సినిమాలోని ద్రాక్షతోటలోనే పరిగె చూపించొచ్చు! కోత అయిపోయాక తోటలో మిగిలిన గుత్తుల కోసం ఒక ఆడమనిషి బుట్ట పట్టుకుని వచ్చే ఒక్క సీను చాలు, కథ పాతదే అయినా ఈ కాలానికి సరిపోయేది.

ఇంత పట్టుబట్టి ఎందుకు రాస్తున్నానంటే మేము పరిగె తిని పెరిగిన పిల్లలం.

1986లో మా నాన్న మేస్త్రీ పనికి మద్రాసు వెళ్లి అక్కడే జ్వరంతో పోయాడు. అప్పటికి నాకు నాలుగేళ్లు, తమ్ముడు అమ్మ చంకలో ఉన్నాడు, అమ్మకి ఇరవై మూడు. తాతయ్య వచ్చి కన్నవారింటికి రమ్మన్నాడు, ఊళ్లో వాళ్లు కూడా అదే మంచిదన్నారు. అమ్మ వెళ్లలేదు. పెద్ద మాటలేవీ చెప్పలేదు, "ఈ ముసిల్దానికి గంజి ఎవలు కాస్తారు" అంది, అంతే. మా నాయనమ్మకి నాన్న ఒక్కడే కొడుకు.

వరి కోసి, ఆరిన ఓదెలు కట్టి, కళ్లానికి మోసుకుపోయాక అమ్మ మమ్మల్ని తీసుకుని పొలాల్లోకి వెళ్లేది. నేల మీద రాలిన వెన్నులు ఒక్కొక్కటే ఏరి ఒళ్లో వేసుకోవాలి, మోళ్లు కాళ్లకి గుచ్చుకుంటాయి, పొద్దుటి మంచుకి వేళ్లు కొంకర్లు పోతాయి. ఎలక కన్నాలు తవ్వితే ఒక్కోసారి దోసెడు ధాన్యం దొరికేది, ఆ రోజు మాకు పండగే. వేరుశనగ పీకేశాక పుల్లతో మన్ను కెలికి కాయలు ఏరేవాళ్లం. ఒక బుగత ఉండేవాడు, పేరు రాయను, మేము గట్టు ఎక్కగానే కేకలు వేసేవాడు, ఒకసారి తమ్ముడి ఒళ్లో ఉన్న వెన్నులు కూడా దులిపించేశాడు. తమ్ముడు ఏడుస్తూ ఇంటికి రావడం నాకు ఇప్పటికీ గుర్తు. ఇంకో బుగత ఉండేవాడు, ఆయన కంబారికి (పాలేరుకి) చెప్పి కావాలనే కొన్ని గుప్పెళ్లు పడెయ్యమనేవాడు, మా వైపు చూసేవాడే కాదు, చూస్తే మేము సిగ్గుపడతామని. పెద్దయ్యాక రూతు రెండో అధ్యాయం చదువుతుంటే, పనల్లో నుంచి కొన్ని లాగి ఆమె కోసం వదిలెయ్యండి, ఆమెను గద్దించొద్దు అని బోయజు పనివాళ్లకు చెప్పేచోట ఆగిపోయాను. ఆ రెండో ఆయన కళ్లముందు నిలబడ్డాడు.

ఇంకొక చిన్న సంగతి. బోయజు రూతుకు పేలాలు పెడితే ఆమె కడుపునిండా తిని, మిగిలినవి దాచుకుని అత్తకు తీసుకెళ్లి ఇస్తుంది. ప్రసంగాల్లో దీన్ని చెప్పడం నేను ఎక్కువగా వినలేదు, నాకైతే మొత్తం గ్రంథంలో అన్నిటికంటే పెద్ద ప్రేమ సీను ఇదే. కళ్లం దగ్గర ఎవరైనా అటుకులు పెడితే మా అమ్మ కొంగున ముడేసి నాయనమ్మకి తెచ్చేది. నువ్వు తిన్నావా అని నాయనమ్మ అడగడం, తిన్నానని అమ్మ అబద్ధం చెప్పడం నేను చాలాసార్లు విన్నాను.

తెలుగు బైబిల్‌లో రూతు ఆ రోజు సాయంత్రం దులిపితే దాదాపు తూమెడు యవలు అయ్యాయని ఉంటుంది. తూము, కుంచం, అడ్డ అంటూ కొలుచుకున్న మా నాయనమ్మకి ఆ మాట చదివి వినిపిస్తే, "ఒక్క పూటకే తూమెడా, ఆ బుగత మంచోడే" అంది. అనువాదం చేసినవాళ్లు మన కొలత పేరు పెట్టారు కాబట్టే కథ ఆమెకి సొంత ఊరిదిలా అనిపించింది. నేను సినిమావాళ్లను అడిగేది ఇదే. కథను ఈ కాలానికి తెచ్చేటప్పుడు పేర్లూ బట్టలూ పాటలూ మారిస్తే సరిపోదు. ఇప్పటి పరిగె ఏమిటో వెతకాలి. కోత మిషన్లు వచ్చాక మా పొలాల్లో వెన్నులు ఏరేవాళ్లు కనపడటం లేదు, మరి ఇవాళ భర్త పోయిన ఆడమనిషికి చట్టం వదిలిపెట్టిన పొలం అంచు ఏది? ఉపాధి హామీ పనా, 2024 జులై నుంచి 4000 రూపాయలైన వితంతు పింఛనా, రేషన్ బియ్యమా? అవి అడగడానికి వెళ్లినప్పుడు ఎవరు గద్దిస్తారు, ఎవరు చూడనట్టు గుప్పెడు ఎక్కువ వదులుతారు? ఇప్పటి రూతు కథ అక్కడ దొరుకుతుందని నా నమ్మకం.

ప్రేమ వద్దని నేను అనడం లేదు. రాత్రి కళ్లంలో ధాన్యం కుప్ప పక్కన పడుకున్న బోయజు కాళ్ల దగ్గరికి రూతు వెళ్లడం, అతను ఉలిక్కిపడి లేవడం, తనకంటే దగ్గరి బంధువు ఇంకొకడు ఉన్నాడని, ముందు హక్కు అతనిదని చెప్పి తెల్లవారేదాకా ఆగమనడం, ఇంతకన్నా మంచి సీను ఏ రచయిత రాస్తాడు? మర్నాడు ఊరి గవిని (ద్వారం) దగ్గర పదిమంది పెద్దల్ని కూర్చోబెట్టి మాట్లాడతాడు. ఆ దగ్గరి బంధువు పొలం కొంటానని ముందుకొస్తాడు, పొలంతో పాటు రూతును కూడా చేసుకోవాలనేసరికి వెనక్కి తగ్గి, హక్కు వదులుకున్నట్టు గుర్తుగా చెప్పు తీసి ఇస్తాడు. పొలం కావాలి గానీ పరాయి దేశపు విధవరాలు వద్దు. మన రచ్చబండల దగ్గర, రిజిస్ట్రార్ ఆఫీసు మెట్ల మీద ఈ మాట ఇవాళ కూడా వినపడుతుంది. సినిమాకు కావలసిన టెన్షన్ అంతా అందులోనే ఉంది, దాని కోసం కొత్తగా విలన్‌ని పెట్టక్కర్లేదు.

ఇది క్రైస్తవులకు మాత్రమే సంబంధించిన కోరిక అనుకోవద్దు. 1978లో వచ్చిన కరుణామయుడు సినిమాను ఊళ్లలో తెర కట్టి చూపిస్తే అన్ని మతాలవాళ్లూ చాపలు పరుచుకుని చూశారు. కన్యాశుల్కం 1892లో మొదట ఆడింది మన విజయనగరంలోనే, విధవల బతుకు గురించి అంతమంది ముందు మాట్లాడిన నేల ఇది. మన జిల్లాల జాలర్లు 2018లో పాకిస్తాన్‌కు చిక్కి 2020లో ఇంటికొచ్చిన కథతో 2025లో తండేల్ సినిమా వచ్చింది, అందులో ఎదురుచూసే అమ్మాయి బాధ అందరికీ అర్థమైంది. అలాగే వలస వెళ్లి మొగవాళ్లు పోయిన ఇళ్లలో అత్తాకోడళ్లు ఎలా బతికారో చూపిస్తే అది కూడా అర్థమవుతుంది. మన యాస పెట్టండి, అయితే నవ్వించడానికి మాత్రం పెట్టొద్దు. మా యాసలో ఏడ్చినవాళ్లు కూడా ఉన్నారు.

మా ఇంటి కథలో బోయజు రాలేదు. నాయనమ్మే నయోమిలాగా తిరిగి తిరిగి మారుమనువు సంబంధం చూసింది, అమ్మ ఒప్పుకోలేదు. అది సరైనదో కాదో నేను చెప్పలేను, అమ్మ చాలా ఏళ్లు ఒంటరిగా కష్టపడింది, ఒప్పుకుని ఉంటే బాగుండేదని నాకు కొన్నిసార్లు అనిపిస్తుంది. నాయనమ్మ పోయేముందు అమ్మ చెయ్యి పట్టుకుని నువ్వు నా కూతురివే అంది. ఏడుగురు కొడుకుల కంటే ఈ కోడలు ఎక్కువ అని బేత్లెహేము ఆడవాళ్లు నయోమితో అన్నమాట నాకు ఆ రోజు అర్థమైంది.

మీ పత్రిక చదివే దర్శకులు, రచయితలు ఎవరైనా ఈ కథ తీయాలనుకుంటే వరి కోతల రోజుల్లో మా వైపు రండి. పరిగె ఏరిన ముసలమ్మలు ఇంకా ఉన్నారు. మా అమ్మకి మోకాళ్లు వంగవు గానీ వెన్ను ఎలా తుంచాలో, ఒళ్లు ఎలా కట్టుకోవాలో చేసి చూపిస్తానంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బొబ్బిలి మండలం, విజయనగరం జిల్లా