రీఫ్ ట్యాంక్ ఎక్విప్‌మెంట్ రూమ్ లోపాలపై ఫిర్యాదు

విశాఖపట్నం

మేనేజర్ గారికి,

విషయం: సంపు సైజు, డ్రెయిన్, ఆర్వో, కొటేషన్ లెక్కల్లో తప్పులు సరిచేయడం గురించి.

అయ్యా,

మా మధురవాడ ఇంట్లో మీ వాళ్ళు బిగించిన 8×3×2½ అడుగుల రీఫ్ ట్యాంక్ (పగడాలు పెంచే ఉప్పునీళ్ళ అక్వేరియం) మంచినీళ్ళ ట్రయల్‌లోనే ఫెయిలైంది. గ్లాసుకి, సిలికాన్ పనికి వంక పెట్టలేం. తప్పులన్నీ వెనక గదిలోనే ఉన్నాయి. లైట్లకి రాసిన డబ్బులో సగం సంపు (ట్యాంక్ నీళ్ళు దిగి, పంపుతో మళ్ళీ పైకి వెళ్ళే కింది తొట్టె) మీద పెట్టి ఉంటే ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు.

ట్రయల్‌లో మెయిన్ స్విచ్ ఆపగానే సంపు పొంగి దాదాపు 50 లీటర్ల నీళ్ళు గది నిండా పారాయి. ‘ఎయిర్ లాక్ అండీ, రెండు మూడు సార్లకి సర్దుకుంటుంది’ అన్నాడు మీ టెక్నీషియన్. సర్దుకోదు. సంపు నీళ్ళు ట్యాంక్‌లోకి తిరిగొచ్చే రిటర్న్ నాజిల్ నీటి మట్టానికి 6 సెంటీమీటర్ల లోతున ఉంది. పంపు ఆగితే ఆ పైపే సైఫన్ అయి, నాజిల్ మూతి బయటపడేదాకా నీళ్ళు కిందికి లాగుతుంది. ఈ ట్యాంక్‌లో మట్టం ఒక్క సెంటీమీటరు దిగితే 22 లీటర్లు. అంటే 130 లీటర్ల పైచిలుకు. పైపుల్లోవి, ఓవర్‌ఫ్లో బాక్సులోవి (ట్యాంక్ అంచు దాటిన నీళ్ళు చేరే అర) కలిపితే 145. మీ 3×1½×1½ అడుగుల సంపు అంచుదాకా నింపినా 191 లీటర్లే. సగం మట్టంతో నడుస్తుంటే మిగిలే ఖాళీ 95.

దానికి, నీళ్ళు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్ వేస్తామంటున్నారు. ఉప్పునీళ్ళలో దాని రేకు మీద సున్నపు పొర కడుతుంది, ఇసుక రేణువు ఇరుక్కుంటుంది, సరిగ్గా కావలసిన రోజునే మూసుకోదు. నాజిల్‌ని 2 సెంటీమీటర్ల లోతుకి లేపి, మట్టానికి కాస్త కింద ఆ పైపుకి గాలి పీల్చి సైఫన్ తెంపే చిల్లు వేసి, సంపు 5×2×1½ అడుగులకి మార్చండి. గదిలో గోడ పక్కన అంత చోటు ఉంది, కొలిచి చూశాం.

ట్యాంక్ నీళ్ళు సంపులోకి దించే డ్రెయిన్ పైపు ఒక్కటే పెట్టారు. అందులో నత్త దూరితే పొంగేది ఈసారి హాల్లో. గేట్ వాల్వ్‌తో ఒక సైఫన్ పైపు, దానికి తోడు ఒక ఓపెన్ పైపు, ఎప్పుడూ పొడిగా ఉండే ఎమర్జెన్సీ పైపు ఒకటి, మొత్తం మూడు కావాలి.

మీరిచ్చిన ఆర్వో వంటింట్లో పెట్టుకునేది. దాని టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాలు) కంట్రోలర్ వడకట్టని నీళ్ళని మళ్ళీ కలిపేస్తుంది. మీటరు పెడితే 70 చూపించింది, రీఫ్‌కి కావలసింది సున్నా. ఆ లెక్కన నాచుని మనమే పెంచి పోషించినట్టు. పైగా గంటకి 12 లీటర్లు ఇస్తే 1,600 లీటర్లు నిండడానికి రాత్రింబవళ్ళు అయిదు రోజుల పైనే. మిగిలిన లవణాలని కూడా తీసేసే డీఐ స్టేజ్ ఉన్నది ఇవ్వండి. ‘బీచ్ నుంచి క్యాన్లలో తెచ్చుకోండి’ అన్న సలహా మాత్రం వద్దు. హార్బరు, డ్రెయిన్లు కలిసే తీరం ఇది.

ఉప్పు 20 కిలోల బస్తాలు రెండే రాశారు. లీటరుకి 38 గ్రాముల చొప్పున 60 కిలోలు దాటుతుంది, నెలనెలా పది శాతం నీళ్ళు మార్చడానికి ఇంకో 6 కిలోలు. కరెంటు ఖర్చు అసలు రాయనే లేదు. నీళ్ళని చల్లబరిచే 900 వాట్ల చిల్లరు రోజుకి 10 గంటలు తిరిగితే దానికే నెలకి 270 యూనిట్లు. కిటికీ లేని గదిలో పెడితే అది వదిలిన వేడే మళ్ళీ పీల్చుకుని ఇంకా ఎక్కువసేపు తిరుగుతుంది. దాన్ని బయట వరండాలోకి మార్చండి. ట్యాంక్‌లో నీళ్ళని కదిలించే వేవ్‌మేకర్లకి ఇన్వర్టర్, మొత్తం లైనుకి కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీఆంప్ ఆర్‌సీసీబీ కూడా కొటేషన్‌లో చేర్చాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తర్వాత ఈ ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదని మీకు వేరే చెప్పాలా?

ఇక కొటేషన్‌లో ‘ఆక్రోపోరా (ఒక రకం గట్టి పగడం), 10 ముక్కలు’ అన్న లైను. గట్టి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 షెడ్యూల్ 1లో ఉన్నాయి. ఆ లైను కొట్టేసి, దానికి తీసుకున్న అడ్వాన్సు వాపసు చేయండి.

సంపు, డ్రెయిన్, ఆర్వో అదనపు ఖర్చు లేకుండా మార్చి, సవరించిన కొటేషన్‌తో 15 రోజుల్లోగా రండి. మెయిన్ ఆపి మళ్ళీ ట్రయల్ చేసి చూపించేదాకా మిగతా పేమెంట్ ఆపుతున్నాం. ఆలోగా రాకపోతే వీడియో, కొటేషన్ కాపీతో జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం.

ఇట్లు,
మీ కస్టమర్