నిలువుటద్దానికి రంగు ఆఖరి పని

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఇనుప చట్రంలా కనిపించే నిలువుటద్దాన్ని ఇంట్లోనే తయారు చేసుకోవడం గురించి వేసిన వ్యాసం చదివాను. చెక్క చట్రం కట్టి, దానికి లోహపు మెరుపు వచ్చేలా రంగు వేసి, గోడకి వాల్చి పెట్టుకోమన్నారు. ఫోటోలు బాగున్నాయి. రాసినవారికి రంగుల మీద మంచి పట్టుంది, కాదనను. కానీ పేజీలో ముప్పాతిక భాగం రంగుకే పోయింది. చట్రానికి దక్కింది నాలుగు వాక్యాలు, గాజుకి రెండు. గోడకి బిగించడం గురించి ఒక్క ముక్కా లేదు. చట్రాలు కట్టి బతికే వడ్రంగిని కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను. ఈ పనిలో రంగు ఆఖరిది. చూసేవాడు ఇనుమనుకోవడమైనా, అద్దం పదికాలాలు నిలవడమైనా రంగు డబ్బా మూత తీయకముందే తేలిపోతాయి.

ముందు బరువు సంగతి. 1 చదరపు మీటరు గాజు ప్రతి మిల్లీమీటరు మందానికీ 2.5 కిలోలు తూగుతుంది. వ్యాసంలో చెప్పిన అద్దం 6 అడుగుల ఎత్తు, 2.5 అడుగుల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం. అంటే గాజు ఒక్కటే 17 కిలోలు దాటుతుంది. 3 అంగుళాల వెడల్పు చట్రం, వెనక ప్లైవుడ్డు కలిస్తే మొత్తం 30 కిలోల దగ్గరికొస్తుంది. ఆ గాజు బరువంతా మోసేది కింది పట్టీ, దాని రెండు మూలలు. ఆ మూలల్ని 45 డిగ్రీలకి కోసి, జిగురు రాసి, రెండేసి మేకులు కొట్టమన్నారు. గోడకి తగిలించే చిన్న ఫోటో పటానికైతే చెల్లుతుంది. ఏటవాలుగా కోసిన చోట చెక్క పీచు నోరు తెరుచుకుని ఉంటుంది. రాసిన జిగురు లోపలికి తాగేస్తుంది, అతుకు మధ్యన మిగిలేది కొంచెమే. దానికి బదులు రెండు పట్టీల చివర్లనూ సగం మందం తీసేసి ఒకదాని మీద ఒకటి కూర్చోబెడితే, చదునైన రెండు ముఖాలు విశాలంగా కలుస్తాయి. జిగురు అక్కడ పట్టినట్టు ఇంకెక్కడా పట్టదు. పైన ఎలాగూ రంగు వేస్తాం కాబట్టి 45 డిగ్రీల సోకు మనకి అక్కర్లేదు. జిగురు ఆరేలోపు రెండు ఐమూలలూ టేపుతో కొలవండి. రెండూ సమానంగా వస్తేనే చట్రం మూలమట్టానికి ఉన్నట్టు. లేకపోతే గాజు కూర్చోదు, కూర్చోబెట్టాలని నొక్కితే మూల పగులుతుంది.

ఇక ఇనుములా కనిపించడం. చెక్కని పట్టించేవి మూడు: పీచు గీతలు, మూలల్లో అతుకు గీత, గుండ్రంగా అరిగిన అంచు. ఎంత ఖరీదైన లోహపు రంగు వేసినా ఈ మూడింటినీ దాచలేదు, పైగా ఎత్తి చూపిస్తుంది. ఆ రంగులో ఉండేవి సన్నటి రేకుల్లాంటి రేణువులు, అల్యూమినియంవో అభ్రకంవో. అవి పడుకున్న తీరునిబట్టి వెలుతురు తిరుగుతుంది. కింద గుంట ఉంటే రేకు వంగుతుంది, కంటికి దొరికిపోతుంది. మామూలు ఎనామిల్ కింద కనపడని గీత కూడా లోహపు రంగు కింద పగటి వెలుతురులో తేలుతుంది.

అందుకే లప్పం, ఉప్పుకాగితం పనికి రంగు పని కంటే ఎక్కువ సమయం పెట్టుకోవాలి. 120 నంబరు కాగితంతో మొదలుపెట్టి 180, 240 మీదుగా 320 దాకా వెళ్ళండి. మధ్యలో ఒక నంబరు దాటేస్తే ముందరి కాగితం గీతలు అలాగే మిగిలిపోతాయి. ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) వేశాక గది దీపాలార్పి, టార్చిలైటుని చట్రానికి పక్కనుంచి పడుకోబెట్టినట్టు పట్టుకుని చూడండి. ప్రతి గుంటా నీడతో సహా కనిపిస్తుంది. మళ్ళీ లప్పం, మళ్ళీ కాగితం. విసుగు పుట్టే పనే, కానీ దీనికి అడ్డదారి లేదు.

అతుకు గీత ఇంకా మొండిది. చెక్క గాలిలో తేమనిబట్టి వెడల్పులో ఉబ్బుతుంది, సన్నబడుతుంది. పొడవులో దాదాపు కదలదు. రెండు పట్టీలు మూలలో అడ్డంగా కలిసేచోట ఒకటి ఒకవైపు లాగితే ఇంకొకటి మరోవైపు లాగుతుంది. లప్పం ఎంత బాగా పెట్టినా, కాలం మారాక అక్కడ వెంట్రుకంత చీలిక వస్తుంది. వెల్డింగు చేసిన ఇనుముకి ఆ చీలిక ఉండదు, చూసేవాడి కన్ను మొదట పడేదీ దానిమీదే. నేను చేసే పద్ధతి చెప్తాను. బరువు మోసే చట్రం గట్టి చెక్కతో కడతాను. దాని మొహం మీద ఎండీఎఫ్ (చెక్క పీచు, జిగురు కలిపి నొక్కి చేసే పలక) షీటుని ఒకే ముక్కగా, మధ్యన కిటికీలా కోసి అంటిస్తాను. మూలల్లో అతుకే లేకపోతే చీలడానికి ఏముంది? మధ్యలో మిగిలిన ముక్క ఏ అల్మారా వెనక్కో పనికొస్తుంది. ఎండీఎఫ్ కోసిన అంచులు మాత్రం రంగు తాగేస్తాయి. నీళ్ళు కలిపిన చెక్క జిగురు ఒక పూత పూసి ఆరనిచ్చి, తర్వాత ప్రైమర్ వేయాలి. అంచులు మరీ గుండ్రం చేయొద్దు. ఇనుప పట్టీ అంచు గీసినట్టుంటుంది. కాగితంతో ఒక్కసారి తాకించి ఆపేయండి, అంతకన్నా పదునుగా ఉంటే రంగు నిలవదు.

వ్యాసంలో అసలు లేనిదీ, ఫోటోల్లో కనిపించిందీ ఒకటుంది. చట్రం లోపలి అంచు వెంబడి సన్నటి తెల్ల గీత. చాలామంది గమనించి ఉండరు, నాకు మాత్రం ఆ పేజీలో అదే కనిపించింది. గాజు కూర్చునే గాడికి రంగు వేయకపోతే అలా వస్తుంది. అద్దానికి వెండి పూత ఉండేది వెనకవైపు. గాజు అంచుని ముందునుంచి కప్పే చట్రం పెదవి వెనక భాగాన్ని, గాడి లోపలి గోడని అది గాజు మందంలోంచి మనకి తిప్పి చూపిస్తుంది. బయట ఇనుము, లోపల పచ్చి చెక్క, రెండూ ఒకేసారి! గాజు పెట్టకముందే గాడి అంతటికీ నల్ల రంగు వేసేయాలి. అద్దం బిగించాక టేపు అంటించి రంగు వేయమన్న సలహా కూడా ఇందుకే కుదరదు. గాడి లోపలికి అప్పుడు బ్రష్షు వెళ్ళదు.

గాజుకి చుట్టూ 2 నుంచి 3 మిల్లీమీటర్ల ఖాళీ వదలండి. చెక్క కదులుతుంది, గాజు కదలదు. కింది అంచు నేరుగా చెక్క మీద ఆనకుండా, వెడల్పులో నాలుగో వంతు దగ్గర ఒకటి, ముప్పాతిక దగ్గర ఒకటి రబ్బరు ముక్కలు పెట్టండి. బంక విషయంలో ఏ సిలికాన్ అయినా సరే అన్నారు, సరికాదు. ఆరేటప్పుడు వెనిగర్ వాసన వేసే రకం ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, అది వెనక పూతని తినేస్తుంది. కొన్నాళ్ళకి అంచుల్లోంచి నల్ల మచ్చలు పాకుతూ వస్తాయి. దుకాణంలో 'న్యూట్రల్' సిలికాన్ అని అడిగి, అద్దాలకి వాడొచ్చని ట్యూబు మీద ఉందో లేదో చూసుకుని తీసుకోండి. గాజుని వెండితో పూత పూసే రసాయన పద్ధతిని జర్మన్ శాస్త్రవేత్త లీబిగ్ 1835లో కనిపెట్టాడు. అంతకుముందు తగరం, పాదరసం కలిపి పూసేవారు, ఆ ఆవిరి పీల్చి పనివాళ్ళ ఆరోగ్యాలు పాడయ్యేవి. ఇప్పుడా బాధ లేదు గానీ ఆ పల్చటి వెండి పొర నాజూకుతనం అలాగే ఉంది.

రంగు గురించి వ్యాసం చెప్పినదాంట్లో చాలావరకు నిజమే. నాకు తోచినవి రెండు కలుపుతాను. బంగారు, కంచు ఛాయల్లో కొన్ని రాగి, జింకు కలిసిన పొడితో చేస్తారు. పైన వార్నిష్ లేకపోతే అవి గాలి తగిలి నల్లబడతాయి. అభ్రకంతో చేసినవి నల్లబడవు. వార్నిష్ వేస్తే మెరుపు లేనిది వేయండి, నిగనిగలాడేది ఇనుముని ప్లాస్టిక్ చేసేస్తుంది. రెండోది తుప్పు. వ్యాసంలో చట్రమంతా ఎర్రమట్టి రంగు స్పాంజితో అద్దేశారు. ఇనుము నీళ్ళు నిలిచిన చోట తుప్పుపడుతుంది. కింది మూలల్లో, బోల్టు తలల కింద, పట్టీ అడుగున. చేతులు తగిలే అంచులు తుప్పుపట్టవు, మెరుగెక్కుతాయి. అక్కడ పొడి బ్రష్షుతో వెండి ఛాయ తాకించి, మూలల్లోకి ముదురు గోధుమ రంగు తోసి గుడ్డతో తుడిస్తే చాలు. ఎంత తక్కువ చేస్తే అంత నమ్ముతారు.

చివర్లో రచయిత, ఎంతైనా ఇది నకిలీయే కదా అని కొంచెం సిగ్గుపడ్డట్టు రాశారు. ఎందుకండీ సిగ్గు? మ్యూజియాల్లో పాత చిత్రపటాల చుట్టూ ధగధగలాడే బంగారు చట్రాలున్నాయి చూడండి, లోపల చెక్కే. సుద్ద, జంతువుల జిగురు కలిపిన పూత పొరలు పొరలుగా వేసి, నున్నగా రుద్ది, దానిమీద ఎర్రమట్టి పూసి, ఆపైన బంగారు రేకు అంటించేవారు. అక్కడా శ్రమంతా రేకు కిందే ఉంది. పైగా గట్టి ఇనుము చెక్క కంటే పది రెట్లకు మించి బరువు. అదే కొలతల్లో నిజంగా గట్టి ఇనుప చట్రం చేయిస్తే ఇద్దరు మనుషులకి కూడా ఎత్తడం కష్టమే. వేలితో తట్టి చూసేవాడికి ఎలాగూ తెలిసిపోతుంది, చల్లగా తగలదు కాబట్టి. తెలియనివ్వండి.

కొలత తగ్గించుకోవాలనుకునేవారికి ఒక మాట. నిటారుగా, సరైన ఎత్తులో బిగించిన అద్దంలో మనిషి నిలువెల్లా కనబడడానికి అతని ఎత్తులో సగం పొడవు చాలు, ఎంత దూరం నిలబడ్డా అంతే. వాల్చి పెట్టినప్పుడు లెక్క మారుతుంది. వాల్చినకొద్దీ పైకప్పు ఎక్కువ కనిపిస్తుంది, కాళ్ళు కనబడాలంటే అద్దం అడుగు భాగం కావాలి. కాబట్టి కింది పట్టీ మరీ వెడల్పు చేయకండి.

ఇప్పుడు గోడ. 30 కిలోల వస్తువు నున్నటి నేల మీద, దేనికీ కట్టకుండా వాలి ఉందంటే దాన్ని పట్టి ఉంచేది అడుగున రాపిడి ఒక్కటే. తుడిచిన తడి చాలు జారడానికి. పిల్లలు చట్రం పట్టుకుని లేచి నిలబడతారు, పెద్దవాళ్ళు ఆనుకుంటారు. ముందుకి పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అడుగున రబ్బరు పట్టీ అంటించండి. పై పట్టీ రెండు చివర్లా రెండు బ్రాకెట్లు పెట్టి, స్క్రూలు చట్రపు చెక్కలోకి దిగేలా బిగించండి, వెనక ప్లైవుడ్డులోకి కాదు. బ్రాకెట్ల రెండో కొసని, గోడలో స్క్రూ పట్టే ప్లగ్గు దించి, బరువు ఆపే స్క్రూతో బిగించాలి. గాజు కొనేటప్పుడే వెనక సేఫ్టీ ఫిల్మ్ అంటించిన అద్దం అడగండి, పగిలినా ముక్కలు చాలావరకు దానికే అంటుకుని ఉంటాయి. టఫెన్డ్ గాజు కావాలనుకుంటే కొలత ముందే ఖాయం చేసుకోండి, ఒకసారి గట్టిపరిచాక దాన్ని కోయడం కుదరదు.

ఆ వ్యాసం చూసి ఈపాటికే పని మొదలుపెట్టినవాళ్ళు ఉంటారు. వచ్చే ఆదివారం అదే పేజీలో దీన్ని వేయగలరు. చోటు చాలకపోతే తుప్పు సంగతి, బంగారు చట్రాల సంగతి కోసేయండి, నాకేం అభ్యంతరం లేదు. గోడకి బిగించే పేరా మాత్రం ఉంచండి.

ఇట్లు,
చట్రాల పని చేసే ఒక పాఠకుడు